టైలరమ్మ గది పెళ్లలు

కూల్చిన ఇళ్ల గోడపెళ్లల్ని మరలో పిండిచేసి, బూడిదా సిమెంటూ కలిపి మళ్లీ ఇటుకలు పోసే ఆవరణ అది. అందులో అతనిది జల్లెడ దగ్గర పని. అందరూ జల్లెడ బాబాయ్ అంటారు. పెళ్లల్లో ఏ తాళంచెవో, ఏ పాత ఫొటో ముక్కో దొరికితే జేబులో వేసుకుని, సాయంత్రం ఆ ఇంటివాళ్లను వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చివచ్చే మనిషి. "బాబాయ్ కంటబడిందంటే పోయిన వస్తువు ఇల్లు చేరినట్టే" అని తోటివాళ్లు మెచ్చుకునేవారు. మూడు వారాలుగా ఆ మాట వింటే అతనికి తల ఎత్తబుద్ధి కావడం లేదు.

సంగతేమిటంటే, వెనక వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ గది వానకు కూలింది. భర్త బతికుండగా తన చేతులతో కట్టిన గది. ఆవిడ వచ్చి, "తమ్ముడూ, ఈ పెళ్లలతోనే ఇటుకలు పోసిపెట్టు. ఆయన గోడ ఆయన గోడగానే ఉంటుంది" అంది.

"అలాగేనక్కా, పూచీ నాది" అన్నాడు బాబాయ్. వాటిని విడిగా ఓ మూల పోయించి, పక్కన గుర్తుగా చెక్క పాతాడు.

ఓ పొద్దున బస్టాండు మరుగుదొడ్లలో పడిపోయిన గోడకు ఇటుకలు వెంటనే కావాలన్నారు. ముందురోజు గాలివానకు చెక్క ఎటో ఎగిరిపోయింది, కుప్పకు బురద పట్టేసింది. కూల్చిన పాత గిడ్డంగి పెళ్లలే అనుకుని మొత్తం మరలోకి తోసేశాడు. ఆఖరి గంపలో నీలం సున్నం అంటిన పెళ్ల కనబడ్డాక గానీ సంగతి తెలియలేదు. ఆ చుట్టుపక్కల నీలం సున్నం వేసుకున్నది టైలరమ్మ ఒక్కతే.

పొరపాటు ఎవరివల్లయినా జరుగుతుంది, దేవుడూ మన్నిస్తాడు. కానీ బాబాయ్ ఆ తరవాత గిడ్డంగి పెళ్లలతో ఇటుకలు పోసి, మూడు వారాలు నీళ్లతో తడిపి, నోరు మెదపకుండా ఆవిడ వాకిట్లో దింపించాడు. పొరపాటు ఒక్క పూటది. మౌనం ఇరవయ్యొక్క రోజులది.

దింపిన రోజు ఆవిడ ఓ ఇటుకను ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచింది. "చూశావా తమ్ముడూ, మీ బావ ఎంత నున్నగా తయారయ్యాడో! బతికుండగా గడ్డమైనా గీసుకునేవాడు కాదు" అని నవ్వింది. ఎండన పడి వచ్చాడని చెంబుతో చల్లటి నీళ్లిచ్చింది. అతను తాగకుండానే చెంబు అక్కడ పెట్టేసి వచ్చేశాడు.

ఆ సంగతి ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు.

"నోరు మూసుకుని ఊరుకో. ఇటుక ఇటుకే. ఆవిడ సంతోషం ఎందుకు చెడగొడతావు?"

"వాటితో మాట్లాడుతోందే ఆవిడ."

"చెప్పి చూడు, నీతో మాట్లాడ్డం మానేస్తుంది!"

మర్నాడు మేస్త్రీ గోడ మొదలుపెడతాడు. బాబాయ్ దేవుడి పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమడగాలో తోచలేదు. చెప్పులు వేసుకుని బయలుదేరాడు.

"అక్కా, అవి బావగారి పెళ్లలు కావు. ఆయనవి బస్టాండు మరుగుదొడ్లలో ఉన్నాయి" అన్నాడు ఒక్క గుక్కలో.

కుట్టుమిషను ఆగింది. ఆవిడ తిట్టలేదు. "పద, చూపించు" అంది.

గోడ ఆడవాళ్ల వైపుది. ఆవిడ లోపలికి వెళ్లింది. అతను గుమ్మం దగ్గర నిలబడితే, "మగవాళ్లది అటయ్యా! కళ్లు కనబడవా?" అని ఒకావిడ కసిరింది. అతను నాలుగడుగులు వెనక్కి జరిగి నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి టైలరమ్మ బయటికి వచ్చింది. అరచేతికి సిమెంటు పొడి అంటింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదక్కా."

"ఎవరి గిడ్డంగితోనో రోజూ కబుర్లు చెప్పుకునేదాన్ని. నువ్వు ఆ దారినే పోతూ చూస్తుండేవాడివి. అంతేగా?"

అతను తలాడించాడు.

"రేపు మేస్త్రీని రావద్దనమంటారా?" అన్నాడు.

"రమ్మను. వానలొస్తున్నాయి, గోడ కావాలిగా."

రోడ్డు దాటుతుంటే లారీ దూసుకొచ్చింది. ఆవిడ చటుక్కున అతని మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. అవతలి వైపు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనుకుంటూ, అతను తల దించుకునే నడిచాడు.