ఫ్రిజ్‌లో మంచు చూసి కొన్న స్కీలు

ఆ రోజుల్లో బండి అన్నాక దానికి చక్రాలుంటాయని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, కుర్రతనంలో మనిషికి ఇలాంటి నమ్మకాలు కొన్ని ఉంటాయి. ఎవరూ వచ్చి పరీక్ష పెట్టనంత కాలం అవి తెలివితేటల్లాగే కనిపిస్తాయి. జగిత్యాలలో ఒక బైకుల షోరూములో స్పేర్ పార్టుల కౌంటర్ వెనక కొంతకాలం నిలబడ్డాను కాబట్టి, లోకంలో ఏ బండిని చూపించినా దాని పార్టు పేరు చెప్పగలనని నా ధీమా. ఆ ధీమాను బ్యాగులో బట్టల మధ్య సర్దుకుని, కరోనా మాస్కులు ముక్కుల మీంచి గడ్డాల కిందికి జారిన రోజుల్లో, విజిట్ వీసా మీద షార్జాలో దిగాను. పిలిపించింది మా బావ. అక్కను చేసుకున్న పాపానికి నన్ను కూడా మోయాల్సి వచ్చిందని అందరితో అనేవాడు గానీ, ఎయిర్‌పోర్టుకి బిర్యానీ పొట్లంతో వచ్చింది ఆయనే.

బావ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో మెకానిక్కు. ఎడారిలో సరదాగా తిరిగే నాలుగు చక్రాల ఇసుక బండ్లు బాగుచేయడం అక్కడి పని. నన్ను పార్టులు తెప్పించే పనికి పెట్టారు, అదీ ట్రయల్ మీదే. ముదీర్ (మేనేజరును అక్కడ అందరూ అలాగే అంటారు) నన్ను చూసినప్పుడల్లా పని నచ్చితే వీసా కొట్టిస్తానని, లేకపోతే ఖలాస్ అని చెప్పేవాడు. ఆయన ఖలాస్ అనే తీరు చూస్తే, అది చెప్పడం కోసమే నన్ను పెట్టుకున్నాడేమో అనిపించేది. నా విజిట్ వీసా గడువు దగ్గర పడుతోంది. జగిత్యాల షోరూములో నా స్టూలు మీద అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు. అంటే వెనక్కి పోతే కూర్చోవడానికి కూడా చోటు లేదు.

అలాంటి సమయంలో, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలో, ఒక పికప్ వచ్చి టార్పాలిన్ కప్పిన వస్తువును దింపింది. బావ టార్పాలిన్ లాగాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు. హ్యాండిల్ ఉంది, సీటు ఉంది, ఇంజను ఉంది. ముందు చక్రాలుండాల్సిన చోట కొనలు పైకి తిరిగిన రెండు పలకలు. వెనక చక్రాలుండాల్సిన చోట పళ్లున్న వెడల్పాటి రబ్బరు పట్టా. బావ కిందికి వంగి చూశాడు, అటు వెళ్లి చూశాడు, తర్వాత పికప్ డ్రైవర్ వైపు అనుమానంగా చూశాడు.

"పయ్యలు యాడ పోయినయిరా బామ్మర్ది? తొవ్వల పడగొట్టుకొని వచ్చిండా వీడు?"

బండి వెనకాలే కారులో దాని యజమాని వచ్చాడు. తెల్లటి కందూరా, అదే అరబ్బుల కాళ్లదాకా వచ్చే చొక్కా, వేసుకున్న యువకుడు, నెమ్మది మనిషి. ఆయన్ని మేమంతా అర్బాబ్ అనేవాళ్లం, అంటే దొర అన్నమాట. మాకు అర్థమయ్యే హిందీలో ఆయన చెప్పిందేమిటంటే, అది మంచు మీద నడిచే బండి, ఒక స్నేహితుడి దగ్గర కొన్నాడు, చలికాలంలో జార్జియా కొండలకు తీసుకెళ్తాడు. ముందున్న పలకల్ని స్కీలంటారు. అవి పగిలాయి. బండి కంపెనీవే కానక్కర్లేదు, బయట కంపెనీవైనా సరే, మంచివి చూసి తెప్పించాలి. వాటి అడుగున బిగించే కార్బైడ్ కడ్డీలు కూడా. (కార్బైడ్ అనగానే మామిడికాయలు మగ్గబెట్టేది గుర్తొచ్చి బావ నన్ను గోకాడు. ఇది వేరు. గట్టి లోహం పొదిగిన కడ్డీ, తిప్పినప్పుడు మంచును కరిచి పట్టుకుంటుంది.) ముదీర్ ఆయన వెళ్లేదాకా చేతులు కట్టుకుని నిలబడి, వెళ్లగానే నా వైపు తిరిగాడు. స్కీలు నువ్వే ఎంచు, అర్బాబ్ సంతోషిస్తే నీ వీసా ఖాయం అన్నాడు. సంతోషించకపోతే ఏమిటో చెప్పాల్సిన పని లేదు.

ఆ సాయంత్రం నుంచి నేను ఫోనులో గడ్డాల పెద్దమనుషుల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. మోకాలి లోతు మంచులో నిలబడి, ముక్కులు ఎర్రబడి, ఎంతో ప్రేమగా స్కీల గురించి చెప్పేవాళ్లు. వెడల్పు స్కీ అయితే మెత్తటి మంచులో మునగదట. సన్నది అయితే గట్టి దారిలో చురుగ్గా తిరుగుతుందట. కార్బైడ్ పొడుగ్గా ఉంటే గట్టి మంచును బాగా పట్టుకుంటుందట గానీ, హ్యాండిల్ తిప్పలేక భుజాలు పడిపోతాయట. పొట్టిగా ఉంటే చేతికి హాయిగా ఉంటుందట గానీ, మలుపులో బండి తన దారిన తను పోతుందట. ఇంతా చెప్పి, చివర్లో ప్రతివాడూ ఒకే మాట అనేవాడు: మీరు నడిపే మంచు ఎలాంటిదో చూసుకుని ఎంచుకోండి. మంచులో రకాలుంటాయని ఆ క్షణం దాకా నాకు తెలియదు. మా ఊళ్లో మంచు అంటే పొద్దున పొలాల మీద పొగలాగా కనిపించి, టీ తాగేసరికి పోయేది. దాని మీద బండి నడపొచ్చని ఎవరు అనుకుంటారు?

బావను అడిగితే, వెడల్పువే తీసుకో అన్నాడు వెంటనే. ఇసుకలో మునక్కుండా టైర్లలో గాలి తీసి వెడల్పు చేస్తాం, మంచైనా అంతే అని ఆయన లెక్క. మరి కార్బైడ్ సంగతేమిటంటే మాత్రం తల గోక్కున్నాడు. అప్పుడు ఆయనకే తట్టింది, మన గదిలోనే మంచు ఉంది కదా అని. మా గదిలో ఆరుగురం, ఒక పాత ఫ్రిజ్. దాని ఫ్రీజర్లో మంచు గోడలు కట్టేది. వారానికొకరు వంతులేసుకుని దాన్ని గీకాలి. వంతు తప్పించుకున్నవాడితో మిగతావాళ్లు మాట్లాడరు, అది మా గది చట్టం. ఆ వారం వంతు బావది. ఎవరిదో మటన్ సంచి పక్కకు జరిపి, ఇద్దరం తలలు లోపల దూర్చి పరిశోధన చేశాం. గరిటెతో గీకితే పైపొర పిండిలా రాలింది. దాని కింద గరిటె వంగిపోయేంత గట్టిది. బావ వంగిన గరిటెను లైటు కింద పట్టుకుని చూసి తీర్పు చెప్పాడు.

"మీద పిండి, కింద రాయి. మీద తేలనీకి వెడల్పు గావాలె, కింద పట్టనీకి కార్బైడ్ గావాలె. రెండూ పెట్టు."

అలాగే పెట్టాను. వెడల్పాటి ప్లాస్టిక్ స్కీలు, పొడుగుకీ పొట్టికీ మధ్యరకం కార్బైడ్ కడ్డీలు. ఫలానా ఫ్రిజ్ ఆధారంగా ఎంచితినని ముదీర్‌కి చెప్పలేదు. సరుకు వచ్చింది, బావ బిగించాడు, ముచ్చటగా ఉంది. అంతటితో ఆగితే ఈ కథ లేదు. మా వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉండేది. బాగుచేసిన ఏ బండినైనా ధైద్ రోడ్డు వైపున్న ఇసుక దిబ్బల మీద నడిపి చూడనిదే యజమానికి అప్పగించకూడదు. ముదీర్‌కి అది పూజలాంటిది. మంచు బండికి ఆ పూజ అవసరమా అని మాలో ఎవరికీ, దేవుడి మీద ఒట్టు, తోచనే లేదు. పైగా అర్బాబ్ కూడా చూడటానికి వస్తానన్నాడు. ఇంకేం, అందరం కలిసి పద్ధతిగా బయల్దేరాం.

బావ హెల్మెట్ పెట్టుకుని ఎక్కాడు. బండి గర్జించి, ఇసుకను వెనక్కి చిమ్ముతూ, దిబ్బ మీదికి నిజంగానే ఎక్కింది. నా స్కీలు మునగలేదు. నేను చప్పట్లు కొట్టాను, ముదీర్ నా భుజం తట్టాడు, ఆ రెండు నిమిషాలూ నేను వీసా ఉన్న మనిషినే. తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. పట్టా కింద నుంచి పొగ లేచింది. హ్యాండిల్ దగ్గర ఎర్ర దీపం వెలిగింది. బావ ఇంజను కట్టేసి దూకి, కూలర్ డబ్బాలో మేం తాగడానికి తెచ్చుకున్న మజ్జిగ సీసాలు బయట పడేసి, ఐసు మొత్తం బండి మీద గుమ్మరించాడు. అది చుయ్‌మని ఆవిరై, అందరి కళ్ల ముందే లేకుండా పోయింది. భుజం తట్టిన చెయ్యి అప్పటికే భుజం మీద లేదు.

అర్బాబ్ తిట్టకుండా ఫోను తీశాడు. అదే భయం. ఆయన తిడితే ఎలా నిలబడాలో తెలుసు, ఊరుకుంటే ఎలా నిలబడాలో తెలియదు. ఆ బండి అమ్మిన స్నేహితుడికి ఫోను చేశాడు. అవతల నుంచి నవ్వు మాకు కూడా వినిపించింది, చాలాసేపు. ఫోను పెట్టేసి నెమ్మదిగా విషయం చెప్పాడు. ఆ ఇంజనును చల్లబరచేది మంచేనట. పట్టా నడుస్తూ లోపలికి ఎగజిమ్మే మంచే దానికి నీళ్లు, అదే దానికి గ్రీజు. మంచు లేకుండా నడిపితే అడుగున పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలు కరిగిపోతాయట. కరిగిపోయాయి కూడా. చెప్పడం అయ్యాక మా ముగ్గురినీ వరసగా చూశాడు.

"తుమ్ లోగ్ మే బరఫ్ కౌన్ దేఖా?"

మీలో మంచు చూసినవాళ్లెవరని. ముదీర్ ఇసుక వైపు చూశాడు. బావ హెల్మెట్ తీయలేదు. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అన్న తెగింపు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, నేను చూడలేదని ఒప్పుకుని, అదే నోటితో, "ఆప్ దేఖా, అర్బాబ్?" అనేశాను. ముదీర్ ఊపిరి ఆగిన చప్పుడు నాకు వినబడింది.

అర్బాబ్ దిబ్బల వైపు చూసి, "లా" అన్నాడు. అంటే లేదని.

మేం నోళ్లు తెరిచి చూస్తుండగా, ఆయన పొగ వస్తున్న బండి సీటు మీదే కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన పరీక్ష చూడటానికి వచ్చిందే, దాన్ని ఎలా నడుపుతారో నేర్చుకుందామనట. ఆ తర్వాత ఆయన ముదీర్‌తో అన్న మాటకి నేను ఇప్పటికీ తేరుకోలేదు. స్కీలు ఎంచినవాడే వాటిని మంచు మీద చూడాలి, జార్జియాకు నాతో వస్తాడు అన్నాడు. ఇక్కడి రెసిడెన్సు ఉన్నవాళ్లనే జార్జియావాళ్లు సులువుగా రానిస్తారు కాబట్టి, వీసా వెంటనే కొట్టించమన్నాడు. పొగ తెప్పించినందుకు వీసా దొరికినవాణ్ణి ఎమిరేట్స్ మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పట్టీలు కొత్తవి వేశాం, ఈసారి పూజ చేయలేదు. చలికాలంలో జార్జియా కొండ మీద కారు దిగి, తెల్లగా, మెత్తగా, ఎండలో మెరుస్తున్న దాని మీద ధైర్యంగా కాలు పెట్టాను. నడుం దాకా దిగిపోయాను. అరవడానికి కూడా ఊపిరి లేదు. అక్కడి గైడు నన్ను లాగుతూనే పక్కన దింపిన మా బండి అడుగు చూసి, ఇక్కడి మంచుకు సరిగ్గా సరిపోయేవి ఎంచారే, పైన పొడి, కింద గట్టి, ఎలా తెలిసింది అని అడిగాడు. రీసెర్చ్ అన్నాను హుందాగా, నడుం కింద నాకేమీ తెలియడం లేదు.

బావకు వీడియో కాల్ చేశాను. ఆయన గదిలో గరిటెతో ఫ్రీజర్ ముందు ఉన్నాడు. నేను వచ్చేశాను కాబట్టి నా వంతు కూడా ఆయన మీదే పడింది. ఫోను తిప్పి కొండలన్నీ చూపించాను. ఆయన గరిటె కింద పెట్టి, మొహం ఫోనుకు ఆనించి చూశాడు.

"గింత మంచా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవలు గీకుతర్రా దీన్ని?"

బావ ఆ తర్వాత కొన్నాళ్లకు గల్ఫ్ చాలనుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మంచు చూడలేదు గానీ, మంచు బండిని ఇసుక మీద నడిపింది లోకంలో తనొక్కడేనని ఊళ్లో చెప్పుకుంటాడట, నేనైతే కాదనను. నాకిప్పుడు షార్జాలోనే చిన్న ఫ్లాటు, పెళ్లాం, మంచు కట్టని కొత్త రకం ఫ్రిజ్. దాన్ని గీకాల్సిన పని లేదు. అయినా వారాంతంలో ఒక్కోసారి ఫ్రీజర్ తలుపు తెరిచి, శుభ్రంగా ఉన్న ఆ గోడను వేలితో రాసి చూస్తుంటాను. ఏం వెతుకుతున్నారని మా ఆవిడ అడుగుతుంది. ఏమీ లేదంటాను. ఈ వారం వంతు నాదేనేమో అనిపించింది, అంతే.