పాట అయ్యాకే ఫోటో

యాంగాన్ నడిబొడ్డున పబేడాన్‌లోని నా చిన్న స్టూడియోలో పాత లైటు వేస్తే ముందుగా దుమ్ము కాలిన వాసన వస్తుంది. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు ముక్కు చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ వాసనకు మనసు మెత్తబడుతుంది. ఆ లైటు హ్యూబర్ట్ గారిది. కుర్రతనంలో లండన్‌లో సంగీత బృందాల వెంట తిరిగి, రికార్డుల అట్టల కోసం ఫోటోలు తీసిన మనిషి. తర్వాత సబ్బుల, బిస్కెట్ల ప్రకటనల్లోకి దిగారు. ఒక క్యాలెండర్ పని మీద యాంగాన్ వచ్చి, ఇక్కడి టీకి మరిగి ఉండిపోయారు.

ఆయన దగ్గర నేను చాలా ఏళ్లు పనిచేశాను. ప్రకటనల పనిలో మహా చురుకు. పాటగాళ్లు వస్తే మాత్రం కెమెరా నేల మీద పెట్టి, లైట్లు ఆర్పించి, ఒక పాట మొత్తం వినేవారు. అది ముగిశాకే ఫోటో. ఎందుకింత తాత్సారమని ఒకసారి అడిగాను.

"బిస్కెట్ పాడదు కదా, మ సీతా. దాన్ని వెంటనే తీసేయొచ్చు," అన్నారు తనకొచ్చిన ముక్కల బర్మీస్‌లో. ఇక్కడ మర్యాదకు ఆడవాళ్ల పేరు ముందు 'మ', పెద్ద మగవాళ్ల పేరు ముందు 'ఊ' చేరుస్తారు. నవ్వొచ్చింది గానీ, నా విసుగు తీరలేదు.

మా నాన్న నది అవతల దలాలో రామభజనలో ముందు పాడేవారు, మిగతావారు అందుకునేవారు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికొచ్చిన తాత వెంట తెచ్చుకున్న పాటలవి. నాన్నకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం పోతుందన్నారు డాక్టర్లు. ఆయన పాడుతుండగా ఒక్క ఫోటో అయినా మిగలాలని నా ఆరాటం. ఆపరేషన్‌కు ముందురోజు హ్యూబర్ట్ గారిని ఫెర్రీ ఎక్కించి ఇంటికి తీసుకెళ్లాను.

నాన్న చాప మీద కూర్చుని తాళాలు అందుకున్నారు. హ్యూబర్ట్ గారు అలవాటుగా కెమెరా కింద పెట్టేశారు.

"ఏటమ్మా, ఊ హ్యూబర్ట్ ఫొటో తియ్యడేటి?"

"ముందు నీ పాట ఇంటారంట, నాన్నా."

"ఒక్క పాటకైనా గొంతు ఆగతాదో లేదో. సర్లే, ఇనమను."

"సార్, ఇంకో పాట ఉండదు. ఇప్పుడే తీయండి," అని గొణిగాను.

ఆయన నా చేతిలోని లైటు తీసుకుని పక్కన పెట్టారు. "నువ్వూ కూర్చో. పాడేది మీ నాన్న."

సగం పాటలో నాన్న గొంతు జీరబోయింది. అమ్మ అందుకుంది, ఆయన తేరుకోగానే ఆపేసింది. చివరి చరణం నాన్నే పూర్తిచేశారు. ఇంకొకటి ఎత్తుకోబోతే గొంతు రాలేదు. అప్పుడు తీశారు హ్యూబర్ట్ గారు ఫోటో. అందులో నాన్న నోరు మూసే ఉంది. ఆయాసపడుతూ, అమ్మవైపు చూసి నవ్వుతున్నారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, తిరుగు ఫెర్రీలో హ్యూబర్ట్ గారికి దూరంగా వెళ్లి కూర్చున్నాను.

నాన్న బతికారు. మాట లేకపోయినా భజనకు వెళ్లి తాళం వేసేవారు. ఇప్పుడు ఆయనా లేరు, హ్యూబర్ట్ గారూ లేరు. నా కూతురు గోడ మీది ఆ ఫోటో చూసి, "ఫోఫో ఎలగ పాడేవోడమ్మా?" అని తాత గురించి అడుగుతుంది. పాడి వినిపిస్తాను. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ జీరబోయారో, అమ్మ ఏ మాట దగ్గర అందుకుందో అన్నీ నాకు తెలుసు. ఆ పూట లైటు పట్టుకుని నిలబడి ఉంటే ఇవేవీ నా చెవిన పడేవి కావు.