ఆమేన్ కంటే ముందు చెప్పాల్సిన మాట

శాస్త్రం పేరు చెప్పి, చూపు సరిగ్గా ఆనని ఒక ముసలావిడ చేత తినకూడనిది తినిపించిన ఘనురాలిని నేను. అదీ ఆవిడ కళ్ళు మూసుకుని, దానికోసం దేవుడికి వందనాలు చెప్పుకున్న తర్వాత. నన్ను ఇప్పుడే తిట్టుకోకండి, కాస్త ఆగండి. అసలు తిట్టాల్సింది ముందుంది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడు వారాలు. పోషకాహారం చదువుకున్నాను కాబట్టి చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో జరిగే ఒక కంటి సర్వేలో తీసుకున్నారు. వయసు మీద పడ్డాక కంటి లోపలి పొర మధ్యలో దెబ్బతినే జబ్బు ఒకటుంది. అది వచ్చినవాళ్ళకు ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, జడ కనిపిస్తుంది, ముఖం ఉండాల్సిన చోట మాత్రం మసక. అలాంటి పెద్దవాళ్ళు ఏం తింటున్నారో, ఆకుకూరలూ గుడ్లూ వాళ్ళ నోటిదాకా వస్తున్నాయో లేదో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాయాలి. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా నోట్లో పడిన ప్రతిదీ, ఎంత పడిందో సహా. నెల రోజులు చూసి, పని నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. ఆ మాటతో నాకు నిద్ర సగమైంది.

చిక్కంతా ఆ ‘ఎంత’ దగ్గరే వచ్చింది. మాకు ఒక ఫొటోల పుస్తకం ఇచ్చారు. ఒక పేజీలో కంచంలో కొంచెం అన్నం, తర్వాతి పేజీలో ఇంకొంచెం, ఆ తర్వాత కుప్ప. ఏది మీరు తిన్నంత అని అడగాలి. చూపు ఆననివాళ్ళకు ఫొటోలు చూపించమన్న మహానుభావుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆలూరులో ఒక తాత నేను ఏ పేజీ తెరిచినా “గంతే బిడ్డా, గంతే” అన్నాడు. అట్ట చూపించినా “గంతే” అన్నాడు. నా ఫారం ప్రకారం ఆయన పూటకు నలుగురి అన్నం తింటున్నాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. చూడలేనివాళ్ళు ముట్టుకోగలరు కదా! ఆదివారం చర్చి నుంచి రాగానే మైదాలో ఉప్పు దండిగా కలిపి, బడిలో పిల్లలు చేసినట్టు బొమ్మలు చేశాను. జొన్నరొట్టె, పప్పు, తోటకూర, అన్నం ముద్ద. రొట్టె మీద మచ్చలు రావాలని పెనం మీద కాల్చాను కూడా. ఒక్కోదాన్ని తూకం వేసి అడుగున పెన్నుతో బరువు రాశాను. నా పనితనం అలాంటిది మరి!

“ఏందే గిది, ఉప్పు డబ్బ మొత్తం ఖాళీ చేసినవ్?” అంది మా అమ్మ.

“సైన్స్ అమ్మా, సైన్స్.”

“సైన్సుకు ఉప్పు గింత కావాల్నా?”

మర్నాడు మొయినాబాద్ దారిలో ఉన్న హిమాయత్‌నగర్ ఊరి దగ్గర షేర్ ఆటో ఎక్కి ఎంకపల్లి వెళ్ళాను. ఆ రోజు నా జాబితాలో మొదటి పేరు ఎస్తేరవ్వ. డెబ్బై దాటిన మనిషి. వాకిట్లో మంచం మీద కూర్చుంది, కోడలు కూలికి పోయింది. నన్ను చూడాలంటే ఆవిడ పక్కనున్న గోడ వైపు చూడాలి. అలా చూస్తే నేను కంటి అంచున కాస్త కనబడతాను.

“ఎవలు బిడ్డా?” అంది గోడను చూస్తూ.

“మంజుల అవ్వా, కండ్ల సర్వే. నువ్వు ఏం తింటవో రాసుకోనీకె వచ్చిన. కొత్త నౌకరి, ఇంకా పక్కా కాలే.”

“రాసుకునేటంత ఏం తింట? సరే, కూసో.”

“నిన్న పగటీలి ఏం తిన్నవ్?”

“రొట్టె.”

“ఎంత?”

“ఆకలైనంత.”

“అట్ల కాదవ్వా, ఎంత పెద్దది?”

“రొట్టె అంత.”

ఇదే సమయం అనుకున్నాను. లోపలికి వెళ్ళి ఆవిడ తినే కంచమే తెచ్చి, అందులో నా రొట్టె, పప్పు, తోటకూర అందంగా సర్ది, “ఇంద అవ్వా” అని ఒళ్ళో పెట్టాను. ఇవి బొమ్మలని చెప్పాలి కదా? చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే పెన్ను జారి మంచం కిందికి దొర్లింది. వంగి, వెతికి, తీసుకుని లేచేసరికి ఎస్తేరవ్వ కొంగు తలమీద కప్పుకుని కళ్ళు మూసుకుంది.

“స్తోత్రం తండ్రీ, ఈ ఆహారము కొరకు నీకు స్తోత్రం...”

ఆపాలి. కానీ ఎలా? మా ఇంట్లో ప్రార్థన మధ్యలో దగ్గినా మా నానమ్మ తొడ మీద గిల్లేది. ఆ భయం ఇంకా పోలేదు. ప్రార్థన వినబడగానే నా తల దానంతటదే వంగింది, కళ్ళు మూతపడ్డాయి. అతికష్టం మీద ఒక కన్ను తెరిచాను.

“నా కోడల్ని సల్లగ సూడు తండ్రీ. బర్రె పాలు ఇస్తలేదు, దాని మనసు మార్చు. ఎండల పడి వచ్చిన ఈ పిల్లను దీవించు. దీని నౌకరి పక్కా చెయ్యి...”

అవ్వా, ఆ నౌకరి నీ చేతిలోనే ఉంది, నువ్వు ఆమేన్ అనకుండా ఉంటే చాలు అని నేనూ లోపల ప్రార్థించాను. ఆమేన్‌కూ, చెయ్యి కంచంలో పడడానికీ నడుమ ఒక్క క్షణం దొరుకుతుంది, అప్పుడు లాగేసుకుందాం అని లెక్క వేసుకున్నాను. దొరకదండీ. ఆకలితో ఉన్న మనిషికి ఆమేనూ మొదటి ముద్దా ఒకేసారి వస్తాయి.

“ఆమేన్” అంది. రొట్టె పటుక్కున విరిగింది.

“అవ్వా!”

అప్పటికే నోట్లో ఉంది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది. నేను ఆ దవడనే చూస్తున్నాను. మింగింది. ఆ వెంటనే మళ్ళీ కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ వినబడకుండా ఇంకో ప్రార్థన మొదలుపెట్టింది.

ఇదే ఆవిడ చివరి ప్రార్థనేమో! కిటికీలో బీపీ గోళీల పట్టీ కనిపించింది. ఆ రొట్టెలో మా ఇంటి ఉప్పంతా ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. “ఎవలు చేసిండ్రు బిడ్డా రొట్టె?”

“నే... నేనే అవ్వా.”

“ఊఁ” అంది ఆలోచనగా.

కంచం లాగేసుకున్నాను. రెండు గ్లాసుల నీళ్ళు తాగించాను. గంటసేపు కదలకుండా కూర్చుని, అయిదు నిమిషాలకోసారి “ఎట్లున్నదవ్వా?” అని అడిగాను.

“నాకేమైతది? నీకే ఏమో అయినట్లున్నది” అంది.

నిజం చెప్పడానికి నాకు గంట సమయం ఉంది. చెప్పలేదు. చెబితే ఆఫీసుకు తెలుస్తుంది, తెలిస్తే నౌకరి పోతుంది. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే, రొట్టె కాదు.

సాయంత్రం మా సర్వే చూసుకునే మేడమ్ ఫోన్ చేశారు. “మంజులా, నువ్వు రాసిన ఇళ్ళల్లో ఒకటి రేపు నేను మళ్ళీ అడుగుతాను. అందరికీ చేసే చెకింగే, టెన్షన్ పడకు. ఎంకపల్లి, ఎస్తేరు.”

ఆ పూట నా మీదే సర్వే చేసి ఉంటే ఫారం ఖాళీగా వెళ్ళేది.

మర్నాడు మేడమ్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని అడుగుతుంటే, నేను ఎస్తేరవ్వ చూసే గోడనే చూస్తూ నిలబడ్డాను.

“నిన్న లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా, ఏమేం తిన్నావ్?”

“చాయ్ తాగిన. రెండు బిస్కిట్లు. తరువాత ఈ పిల్ల వచ్చి రొట్టె పెట్టింది.”

మేడమ్ పెన్ను ఆగింది. “ఏం రొట్టె?”

“ఉప్పు రొట్టె.”

మేడమ్ నా వైపు తిరిగారు. ఇక దాచడానికి ఏమీ లేదు. సంచిలోంచి విరిగిన రొట్టె తీసి, జరిగిందంతా ఏడుపు గొంతుతో చెప్పేశాను. మేడమ్ దాన్ని తిప్పి, అడుగున నేను రాసిన బరువు చదివారు. తన సంచిలోంచి చిన్న త్రాసు తీసి దాని మీద పెట్టారు. తీసివేత చేశారు.

“పదకొండు గ్రాములు” అని ఫారంలో రాసుకున్నారు. “మంజులా, ఈ మూడు వారాల్లో నువ్వు కచ్చితంగా కొలిచింది ఇదొక్కటే.”

నేను ఎస్తేరవ్వ చెయ్యి పట్టుకున్నాను. “తప్పైందవ్వా. అది బొమ్మ. నేను ముందుగాల చెప్పకపోతి.”

“బొమ్మనా!” అవ్వ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“గంత ఉప్పుంటే ఊంచెయ్యొచ్చు గదా, ఎందుకు మింగినవ్?”

“నా కోసం పొద్దుగాల లేసి చేసుకొచ్చినవ్ అనుకున్న. బాగలేదంటె నీ మొకం ఎట్లయితదో నాకు కనబడది గద బిడ్డా. కనబడనోళ్ళే జర పైలంగ ఉండాలె.”

నా కళ్ళు రెండూ బాగానే పనిచేస్తాయి, అయినా అంత జాగ్రత్త నాకు లేకపోయింది.

“మరి మింగినంక మళ్ళ ఎందుకు ప్రార్థన చేసినవ్? నేను సచ్చిపోయిన భయానికి!”

“నీ కోసమే. తండ్రీ, నౌకరి సంగతి తరువాత సూద్దం, ముందుగాల ఈ పిల్లకు వంట నేర్పు, అని.”

మేడమ్ అంతవరకూ ఆపుకున్న నవ్వు అప్పుడు బయటపడింది. వెళ్తూ వెళ్తూ, “ముట్టుకునే బొమ్మలు మంచి ఆలోచనే. ఈసారి బట్టతో కుట్టు, ఎవరూ నమలరు” అన్నారు. నెల తిరిగాక నన్ను ఉంచుకున్నారు. ఎస్తేరవ్వ చేసిన రెండు ప్రార్థనల్లో మొదటిది అలా నెరవేరింది. రెండోదాని సంగతి మా అమ్మను అడగండి.

కనుక ఇందుమూలంగా అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట తినలేనిదాన్ని ఎవరి కంచంలోనూ పెట్టను. పెట్టాల్సి వస్తే ముందే చెబుతాను, పెన్ను కాదు కదా ఆకాశం కింద పడినా చెప్పాకే వంగుతాను. ఈ ప్రమాణం మాత్రం రెండు కళ్ళూ తెరిచే చేస్తున్నాను. ఆమేన్.