చలువరాయికి వచ్చిన కోపం

1987 నవంబరు 17, మంగళవారం, సాయంత్రం ఆరుంబావు. ఉదయం పట్టిన ముసురు ఇంకా వదలలేదు. తపాలా కార్యాలయం మేడమీద, పెద్దలకు పరాయిభాష నేర్పే బడిలో పాఠం చెప్పడానికి నేను చేరినది ఆనాడే. పక్కగది ఉపాధ్యాయినిని తొలిసారి చూచినదీ ఆనాడే.

ఆమెను అందరూ చలువరాయి అనేవారు. పదునాలుగేండ్ల ఉద్యోగంలో ఆమె గొంతు పెంచగా విన్నవారు లేరు. కోపం వచ్చినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు త్రాగి చిరునవ్వు నవ్వేది. "ఇవాళ ఎన్ని సీసాలక్కా?" అని గుమాస్తా ఆటపట్టించేవాడు.

ఆమె శిష్యులలో దుస్తుల కర్మాగారంలో గుడ్డ కత్తిరించే పెద్దాయన ఒకరు. ఆ భాషలో మౌఖిక పరీక్ష నెగ్గితేనే ఆయనకు మేస్త్రీ పని. రెండుమార్లు తప్పినాడు; మూడవ పరీక్షకు పది దినాలే గడువు.

మా గదుల నడుమ చెక్క అడ్డుగోడ మాత్రమే ఉండటంతో అంతా వినబడింది. ఒకే ప్రశ్నకు ఆయన నాలుగుమార్లు తప్పు చెప్పినాడు. నాలుగుమార్లూ ఆమె, "పరవాలేదు బాబాయ్, మళ్లీ చెప్పండి" అన్నది. పుస్తకం మూసిన చప్పుడైంది.

"నేనిక రానమ్మా."

"అదేంటి బాబాయ్? బాగానే చెబుతున్నారుగా!"

"ఏం బాగు? తప్పుకీ అదే నవ్వు, ఒప్పుకీ అదే నవ్వు! నా దగ్గర పని నేర్చుకునేవాడు గుడ్డ వంకరగా కోస్తే నా మొహం చూసి కత్తెర ఆపుతాడు. నీ మొహం చూసి నేనెక్కడ ఆగను? నన్ను ఎప్పుడో దండగ కింద తీసేసుంటావు."

"దండగా?" ఆ గొంతుకు నేను లేచి ఆమె గది గుమ్మం దాకా పోయినాను. ఆమె ముఖం జేవురించి ఉన్నది. "మీరు తడబడే మాటలన్నీ రోజూ ఇంట్లో అద్దం ముందు నేను పలికి చూసుకుంటున్నా! మీరేమో వినరు! ప్రశ్న పుట్టకముందే జవాబుకి పెళ్లి చేసేస్తారు!"

పెద్దాయన ముఖం విప్పారింది.

"అదీ సంగతి! ఈ ముక్క ముందే చెబితే నీ సొమ్మేం పోయింది తల్లీ?"

"గట్టిగా అన్నాను. ఏమీ అనుకోకండి."

"ఎందుకనుకోను? నా మీద ఆశ ఉందనుకుంటా. ఊఁ, అడుగు."

ఆమె అడిగింది. మధ్యలో ఆయన పెదవి కదిలింది, ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, ఆయన ఆగినాడు. ప్రశ్న ముగిసిన పిమ్మట చెప్పిన జవాబు సరిపోయింది.

తరువాత వరండాలో ఆమె నాతో, "ఇన్నేళ్లూ నా విసుగునే దాస్తున్నాననుకున్నానండీ, దాంతోపాటు నా శ్రద్ధ కూడా దాచేశాను" అన్నది. అంటూ హాయిగా నవ్వింది.

పెద్దాయన ఆ మూడవ పరీక్షలో నాలుగు మార్కుల తేడాతో గట్టెక్కినాడు. ఆరేండ్లు మేస్త్రీగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాడు. ఆమె ఆ బడిలోనే మరి పందొమ్మిదేండ్లు పాఠం చెప్పింది. ఇప్పుడు చెల్లెలి ఇంట ఉన్నది.