చూడనిచ్చారు, చెయ్యి పెట్టనివ్వలేదు

నా స్నేహితుడికి కిడ్నీలు చెడిపోయాక, డయాలసిస్ కోసం గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో నేనే తోడు వెళ్ళేవాణ్ణి. దారి పొడవునా మా వాదన ఒకటే, అతని చేతిలోని ఫోన్ గురించి. ఎవరైనా చదివి మార్చుకోగల లినక్స్ మీద ఒక చిన్న విదేశీ కంపెనీ కట్టిన సిస్టమ్ అందులో నడిచేది. అది అందరిదీ అని అతని నమ్మకం.

"అడుగున ఉండే లినక్స్ అందరిది, సరే. పైన తెర, సిగ్నల్ పట్టే భాగం కంపెనీవే గదా? ఇంగ యాడ తెరిచినట్టు?" అనేవాణ్ణి.

"మూసిందానికన్నా తెరిచిందే ఎక్కువ ఉండాదప్పా. మిగతాదీ తెరుస్తారులే" అనేవాడు.

తమిళ బడిలో చదివాడు. ఇంట్లో తెలుగే అయినా అక్షరాలు రావు. జబ్బుపడ్డాకే నేర్చుకున్నాడు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు లేకపోతే, సూది గుచ్చని చేత్తో ల్యాప్‌టాప్ మీద తనే ఒకటి తయారు చేశాడు. దాంతో మొదట కొట్టింది వాళ్ళమ్మ రోజూ అడిగే మాట: "తిన్నావా నాయనా?" ఆమెకు చదవడం రాదు. చదివి వినిపిస్తే, "నా మాట ఇట్లుంటాదా?" అని తెరను వేలితో తడిమింది.

ఆ కీబోర్డును అందరి ఫోన్లలోనూ చేర్చమని కంపెనీకి పంపాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో ఒక కొత్త అప్‌డేట్ వచ్చింది. ఇకమీద కంపెనీ ఒప్పుకున్న ప్రోగ్రాములే నడుస్తాయట. అతని కీబోర్డు మాయమైంది.

ఆ రోజు మిషన్ పక్కన పడుకుని, "నువ్వు చెప్పిందే నిజమప్పా" అన్నాడు.

ఆ మాట నాకు సంతోషం ఇవ్వలేదు. అతను ఎదురు చెబితే బాగుండుననిపించింది. "పాతది మళ్ళీ ఎక్కించి చూద్దాంలే" అన్నాను.

"దానికీ తాళమేసినారు" అని గోడవైపు తిరిగాడు. తిరుగు బస్సులో మేమేమీ వాదించుకోలేదు.

వానలు మొదలవకముందే పోయాడు.

కొన్నాళ్ళకు అతని భార్య ల్యాప్‌టాప్ తీసుకుని మా ఇంటికి వచ్చింది. కంపెనీ నుంచి మెయిల్. కీబోర్డు బాగుందట. అతను పోయాక చిన్న మార్పులు అడిగారట, పంపినవారు పలకలేదట. అందుకని ఆ విషయం ముగిస్తున్నారట.

"ఏమి రాసినారన్నా?"

"బాగుండాదని రాసినారమ్మా."

"ఇంగ అందరికీ ఇస్తారా?"

ల్యాప్‌టాప్ నా దగ్గర వదిలి పొమ్మన్నాను. ఆమె వెళ్ళాక ఆ మార్పులు నేనే చేసి, అతని పేరుతోనే మళ్ళీ పంపాను. జవాబు రాకముందే ఆ కంపెనీ ఫోన్లు చేయడం మానేసింది. అతను రాసిన కీబోర్డు ప్రోగ్రాము ఇప్పటికీ ఆ కంపెనీ సైట్‌లోనే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. నేను మాత్రం తెరిచి చూడలేకపోతున్నాను.