దావీదు పోసిన జొన్నలు

నాకు జొన్నసంగటి సయించదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకో ఎవరికీ తెలియదు. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు తెలియదు, అందుకే నీకు చెబుతున్నాను. కడుపులో ఒక అబద్ధం పెట్టుకుని ఇన్నేళ్లు బతికాను. ఇక మోయలేను.

నేనుంటున్న ఈ ఇల్లు మా పిన్నమ్మది. మా నాయన తమ్ముడి భార్య. పిల్లల్లేరు, చిన్నాయన తొందరగా పోయాడు. ఊరి చివర ఇల్లు, దాని తర్వాత దావీదు వాళ్ల పల్లె. దావీదు పలకల గనిలో రాయి కొట్టే మనిషి. రోజూ గనికి మా పిన్నమ్మ అరుగు ముందునుంచే పోయేవాడు.

కరువొచ్చిన ఏడాది ఆమె పొయ్యి వెలగడం లేదని అతను కనిపెట్టాడు. నాకు తెలియదా? తెలుసు. మా గాదెలో గింజలున్నాయి. నా భార్య ఒకసారి గుర్తు చేసింది కూడా. రేపు చూద్దామన్నాను. దావీదు మాత్రం తెల్లవారకముందే ఆమె అరుగు మీద మానికెడు జొన్నలు పోసి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయేవాడు. అతని చేతి గింజలు తింటున్నదని వీధిలో ఆమెను ఎవరైనా మాట అంటారేమోనని అతని భయం. ఒకనాడు చేనికి పోతూ నేను చూశాను. చూడనట్టే పోయాను.

ఊరికే తినే మనిషి కాదు పిన్నమ్మ. కడుపు నింపినవాడికే ఇల్లు అమ్ముతానంది, పోయేదాకా ఒక గదిలో ఉంటానంది. దావీదు దాచుకున్నదంతా తెచ్చాడు. రిజిస్ట్రారు కచేరీకి బండి కట్టే ముందు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“అయ్యా, ఆమె తర్వాత వారసులు మీరే గదా. కాగితం మీద మీరు గూడా ఒక చేవ్రాలు పెడితే నాకు ధైర్యం.”

“ఏంది దావీదూ, నా మాట చాలదా? పోయి రాయించుకో. అడ్డమొచ్చేవాడెవడు?”

“అట్లనే అయ్యా.”

మాలాంటి వాళ్లను రెండోసారి అడగడం వాళ్లకు అలవాటు లేదు. అడిగితే మమ్మల్ని నమ్మనట్టు. అది తెలిసే నేను ఆ మాట అన్నానా? అప్పటికి నాకు చట్టం తెలియదు. కానీ ఎందుకో చెయ్యి రాలేదు. రాకపోవడానికి కారణం ఏమిటని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, ప్రతిసారీ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది, ఏదీ నిజం కాదు.

పిన్నమ్మ పోయాక, మీ ఇంట్లో దావీదు కాపురమా అని ఊళ్లో దెప్పడం మొదలుపెట్టారు. ఆ దెప్పులు నాకు సాకు. అసలుది ఆశ. మార్కాపురంలో ప్లీడరు అప్పటి చట్టం విడమరచి చెప్పాడు. భర్త ఇంటి మీద విధవరాలికి బతికినంతకాలం అనుభవించే హక్కే ఉంటుంది. తిండికి జరగకపోతేనో, భర్త చేసిన అప్పు తీర్చడానికో తప్ప అమ్మకూడదు. ఆ అవసరం లేకుండా అమ్మితే ఆమె తర్వాత వారసుడు వెనక్కి తీసుకోవచ్చు. నేను చేవ్రాలు పెట్టి ఉంటే నోరెత్తే వీలే ఉండేది కాదు. ఆ కరువులో ఆమెకు గింజలు ఎవరు పోశారని అడిగాడు ప్లీడరు. నేనే పోశానంటే ఆమెకు తిండి కోసం అమ్మే అవసరం లేనట్టే, ఇల్లంతా ఆ జవాబులోనే ఉందని అర్థమైంది.

మునసబు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. తెల్లవారకముందే పోయి, మానికెడు జొన్నలు ఆమె అరుగు మీద నేనే పోసేవాణ్ణని. మానికను కూడా మార్చలేదు. సొంతంగా ఒక అబద్ధం అల్లుకునే ఓపిక కూడా లేని దొంగను. దావీదు నా వైపు చూశాడు. ఎవరూ చూడకుండా పోశాడు కాబట్టి అతనికి సాక్షి లేడు. ఉన్న ఒక్క సాక్షిని నేనే.

ఇల్లు నాకొచ్చింది. దావీదు భార్య ఇల్లంతా ఊడ్చి, అలికి, తాళంచెవి నా చేతికిచ్చి పోయింది. గిద్దలూరు వైపు కూలికి పోయారు. దావీదు అక్కడే చనిపోయాడని తర్వాత విన్నాను. కొడుకున్నాడట. వాడికి రాసివ్వొచ్చు కదా అంటావు. నా పిల్లలు ఈ గదుల్లోనే పుట్టారు. రాసివ్వలేదు, ఇకముందూ ఇవ్వనేమో. అందుకే క్షమించమని నిన్ను అడగను. అడగడానికి సిగ్గు.

ఆ రోజు బోనులో చెప్పవలసిన మాట మాత్రం ఇక్కడ చెబుతున్నాను. ఆ జొన్నలు దావీదు పోశాడు. నేను చూశాను.