గంటేగా బావా

ఈ ఉదయం బావ నా ఫోన్‌కి ఒక బొమ్మ పంపాడు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి ఎంత దూరమో, విమానంలో ఎంతసేపో చూపించే పేజీ అది. రెండు చుక్కలు, మధ్య ఒక వంపు గీత. కింద ఒక మాట: "ఆదివారం వత్తన్నాను బావా. యారాడ బీచికి ఎల్దాం. ఎయిర్‌పోర్టుకి కారట్టుకురా." అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు.

అతను మా అక్క భర్త. మా వైపు అక్క మొగుడూ, బావమరిదీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఆ చనువును అతను బాగానే వాడుకున్నాడు. ఆఫీసు పని మీద పొద్దున విశాఖలో దిగి, మా ఇంట్లో వంజరం చేపల పులుసు తిని, సాయంత్రానికి ఎగిరిపోయేవాడు. అక్కని తీసుకురాలేదేమని అడిగితే నవ్వేవాడు. "ఏటి బావా, నువ్వు హార్బర్ నుంచి గాజువాక ఎల్లీసరికి నాను హైదరాబాద్‌లో దిగిపోతాను. గంటేగా! ఎప్పుడంటే అప్పుడు తెత్తాను." రైలు రోజుల్లో అక్క ప్రతి వేసవికీ వచ్చేది. తెల్లవారకముందే నన్ను లేపి ఫిషింగ్ హార్బర్‌కి లాక్కెళ్లేది. చేప మొప్పలు ఎత్తి చూసి, అమ్మేవాళ్లతో పోట్లాడి, నెగ్గి వచ్చేది. దూరం గంటకి తగ్గాక రావడం మానేసింది. మానేసింది అనకూడదు. దగ్గరేగా అని అతను తేలేదు.

ఆమె పోయిన సంగతి కూడా అతనే ఫోన్‌లో చెప్పాడు. మాలో పెళ్లయిన ఆడమనిషిని ఆఖరిసారి తీసుకెళ్లేముందు పుట్టింటివాళ్లు చీర కప్పాలి. అమ్మానాన్నా లేరు, నేనే కప్పాలి. "చీరట్టుకుని వత్తన్నాను. నాను వచ్చేదాకా ఆపు బావా" అన్నాను. "గంటేగా, వచ్చీ" అన్నాడు. పాత ఊళ్లో బట్టల కొట్టు సాయిబుగారు నా మాట విని, వేళ కాకుండానే షట్టరెత్తారు. ఆకుపచ్చ చీర తీసుకున్నాను, అక్కకి ఇష్టమని. విమానం నిజంగానే గంటకి కాస్త అటూఇటూగా దింపింది. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లిలో అక్కావాళ్ల ఇంటికి చేరడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది.

వెళ్లేసరికి వాకిలి కడుగుతున్నారు. బావ తలస్నానం చేసి, తడి జుట్టుతో కుర్చీలో కూర్చున్నాడు. చంకలో చీర పొట్లంతో నిలబడ్డాను.

"ఎంతసేపని సూత్తాం బావా? ఫోన్ సేత్తే కలవలేదు. గంట ప్రయాణవేగా, నువ్వింకా బయల్దేరలేదనుకున్నాం."

"ఫోన్ ఎలా కలుత్తాది? గాల్లో ఉన్నాను."

అతను ఫోన్ తెరిచి నా ముందు పెట్టాడు. అదే పేజీ, అదే వంపు గీత. లెక్క తప్పింది నాదేనన్నట్టు.

ఆ చీర మా బీరువాలో మడత విప్పకుండా ఉంది. ఈ ఉదయం జవాబు రాశాను: "తొందరేటి బావా, గంటేగా. ఎప్పుడంటే అప్పుడు కలుద్దాం." కారు తీసుకెళ్లను. దూరాన్ని గంటల్లో చెప్పేవాళ్లని ఇప్పుడు నేను నమ్మను. మన కోసం ఆగే మనిషి లేనిచోటికి గంటలో వెళ్లినా ఆలస్యమే.